ఒకే చెక్కతో ల్యాప్ స్టీల్ గిటార్: కొలతలు, తీగలు, తరచూ జరిగే పొరపాట్లు

మామూలు గిటార్ ఇంట్లో చేయడం పెద్ద పని. మెడ వంగకూడదు, మెట్లన్నీ ఒకే ఎత్తులో కూర్చోవాలి, వేళ్లకు తీగ అందేంత కిందికి ఉండాలి. ఒళ్లో పడుకోబెట్టి వాయించే స్టీల్ గిటార్‌కు ఈ తంటాలేవీ లేవు. తీగను నొక్కి మెట్టుకు ఆనించే పనే లేదు, పైన ఒక స్టీలు కడ్డీ జారుతుంది, అంతే. గోటువాద్యం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. హవాయి దీవుల్లో 19వ శతాబ్దం చివర దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడిగా జోసెఫ్ కెకుకు పేరు చెబుతారు. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ కంపెనీ తెచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారు కూడా ఒడి స్టీలే. పెనంలా గుండ్రంగా ఉంటుందని దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పడింది.

చెక్కపని కాస్త అటూ ఇటూ అయినా ఈ వాద్యం మోగుతుంది. స్కేలు పొడవు (మోగే తీగ పొడవు), తీగల పై అంచులు ఒకే మట్టంలో ఉండటం, ఎర్త్ కనెక్షన్: ఈ మూడింట్లో తేడా వస్తే మాత్రం ఎంత మంచి టేకు వాడినా దండగ. ఓపికంతా వీటికోసం దాచుకోండి.

చెక్క

800 మి.మీ. పొడవు, 125 మి.మీ. వెడల్పు, 38 మి.మీ. మందం ఉన్న ఒకే పలక చాలు. డిపోలో ‘ఐదంగుళాలు, ఒకటిన్నర అంగుళం’ అంటే ఇస్తారు. చిత్రిక పట్టాక రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. టేకు, వేగి, పనస ఏదైనా పనికొస్తుంది. బొబ్బిలి వీణలను ఒకే పనస మొద్దు నుంచి తొలుస్తారు, అంటే తీగల లాగుడుకు పనస ఎంతకాలం నిలుస్తుందో తేలిపోయిన సంగతే. చెక్క ఏదన్నది కాదు, ఎండిందా లేదా అన్నదే చూడాలి. పచ్చి చెక్క ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, స్క్రూలు వదులవుతాయి. పాత ఇళ్లు కూల్చినచోట దొరికే ద్వారబంధాల టేకు అందుకే మేలు. కాకపోతే దాన్లో విరిగిన మేకులు దాక్కుని ఉంటాయి. రంపం పెట్టేముందు పలకంతా ఒకసారి అయస్కాంతంతో తడమండి.

పలక మీద మధ్యగీత గీయండి. ఇకపై అడ్డంగా కొలిచేవన్నీ ఈ గీత నుంచే కొలవాలి, పలక అంచు నుంచి కాదు. ఒక చివర నుంచి 160 మి.మీ. దగ్గర నట్, 730 దగ్గర బ్రిడ్జ్, 765 దగ్గర తీగలు తగిలించే పట్టీ వస్తాయి. (నట్ అంటే బోల్టుకు బిగించేది కాదు, బిరడల వైపు తీగలు ఆనే గట్టు. బ్రిడ్జ్ అవతలి వైపు గట్టు.)

మొదటి 150 మి.మీ. బిరడల తల. దాని వెడల్పును 70 మి.మీ.కు కోయండి. మందం కూడా 15 మి.మీ.కు దించాలి, లేకపోతే గిటారు బిరడల కాడలు ఇవతలికి రావు. పైనుంచి 10 మి.మీ., మిగతాది కిందనుంచి తీయండి. పైభాగం దించడం వల్లే నట్ మీద తీగ కిందికి వంగి గట్టిగా కూర్చుంటుంది. మందం మారేచోట ఉలితో నిటారు మూల చెక్కితే సరిగ్గా అక్కడే చీలుతుంది. ఆకురాయితో దాన్ని కొంచెం లోపలికి వంపుగా రుద్దండి.

బిరడలు చేతికొచ్చాకే వాటి రంధ్రాలు వేయండి. మూతపెట్టిన రకానికి మామూలుగా 10 మి.మీ. రంధ్రం కావాలి, పాతరకానికి అంతకంటే చిన్నది. ఒక్కో వైపు మూడు, అంచుకు 12 మి.మీ. లోపలికి, 40 మి.మీ. ఎడంగా పెట్టండి. కింద పనికిరాని చెక్క ముక్క పెట్టి డ్రిల్ చేస్తే అవతలి వైపు పెచ్చులూడవు.

నట్, బ్రిడ్జ్

అల్యూమినియం కిటికీలు చేసే షాపులో అర అంగుళం ఎల్ యాంగిల్, 3 మి.మీ. మందంది, ఒక అడుగు కొంటే మూడు ముక్కలకూ సరిపోతుంది. ఒక్కోటి 70 మి.మీ. కోయండి. ఒక రెక్క చెక్క మీద పడుకుంటుంది, రెండోది నిలబడుతుంది. అప్పుడు తీగలు చెక్కకు సుమారు 12 మి.మీ. పైన ఉంటాయి. కడ్డీ కింద ఏమీ తగలకుండా ఉండటానికి ఆ ఎత్తు సరిపోతుంది.

నట్ మీద తీగకూ తీగకూ మధ్య 9 మి.మీ., బ్రిడ్జ్ మీద 10 మి.మీ. పెట్టండి. తీగలు పట్టే పట్టీ నిలువు రెక్కకు, చెక్కకు దగ్గరగా ఆరు రంధ్రాలు 2.5 మి.మీ.వి వేయండి. తీగ చివరి ఉండ ఆ రంధ్రం వెనక చిక్కుకుంటుంది. ఆరు తీగలూ కలిసి 60–70 కిలోల లాగుడు లాగుతాయి. అందుకని ఈ పట్టీకి కనీసం నాలుగు స్క్రూలు, 25 మి.మీ. పొడవైనవి, ముందు సన్నటి రంధ్రం వేసి బిగించండి.

ఇప్పుడు అసలు పని. మామూలు గిటారులో ప్రతి తీగనూ వేలు విడిగా నొక్కుతుంది. ఇక్కడ తిన్నని కడ్డీ ఒకటే ఆరు తీగల మీదా పడుకోవాలి. కాబట్టి సమంగా ఉండాల్సింది నట్, బ్రిడ్జ్ మీద తీగలు కూర్చునే గాళ్ల అడుగులు కాదు, తీగల పై అంచులు. 0.013 అంగుళం తీగ 0.33 మి.మీ. లావు, 0.056 తీగ 1.42 మి.మీ. లావు. లావు తీగ గాడి సన్న తీగ గాడి కంటే 1.1 మి.మీ. లోతుగా ఉంటేనే రెండూ ఒకే మట్టానికి వస్తాయి. సన్న తీగకు కేవలం జారిపోకుండా ఆపేంత గాటు పెట్టి, అక్కడి నుంచి ఒక్కోటీ లోతు పెంచుతూ పోండి.

సరిచూడటానికి తీగలు సగం బిగించి, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి నట్‌కు రెండంగుళాల దూరంలో అడ్డంగా ఆనించండి. వెనక టార్చి వేయండి. స్కేలు కింద వెలుగు సందు కనిపించిన తీగ కిందికి దిగిపోయిందన్నమాట. ఆ తీగ మీద కడ్డీ సరిగ్గా ఆనదు, గిరగిరమంటుంది. గాడి లోతు ఎక్కువైతే మళ్లీ పూడ్చడం కుదరదు, ఆ గట్టు పై అంచంతా రాకి గాళ్లు మొదటినుంచీ పెట్టుకోవాల్సిందే. అందుకే ఆకురాయి రెండు రుద్దులు రుద్ది ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. సన్న తీగలు తెగుతూ ఉంటే గాడి అంచు పదునుగా ఉన్నట్టు. 800 నంబరు ఎమరీ కాగితాన్ని మడిచి లోపల నున్నగా చేయండి.

మెట్ల గీతలు

స్కేలు పొడవు 570 మి.మీ. ఆ ఫ్రయింగ్ పాన్‌లో ఏ-22 రకానిది 22.5 అంగుళాలు, మనదీ దాదాపు అంతే. ఈ పొడవులో కడ్డీని ఏటవాలుగా పెట్టడం చేతికి తేలిక. కడ్డీ ఎక్కడ ఆనించాలో చూపే గీతల దూరాలు, నట్ నుంచి మిల్లీమీటర్లలో:

1 – 32.0, 2 – 62.2, 3 – 90.7, 4 – 117.6, 5 – 143.0, 6 – 166.9, 7 – 189.6, 8 – 210.9, 9 – 231.1, 10 – 250.1, 11 – 268.1, 12 – 285.0, 15 – 330.3, 17 – 356.5, 19 – 379.8, 24 – 427.5.

మిగతావి కావాలంటే, లేదా వేరే స్కేలు పెట్టుకుంటే: నట్ నుంచి బ్రిడ్జ్ దాకా ఉన్న పొడవును 17.817తో భాగిస్తే మొదటి గీత దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే మొదటి గీత నుంచి రెండో గీతకు దూరం, అలా ముందుకు. లెక్క అలా చేసినా పలక మీద గుర్తు పెట్టేటప్పుడు మాత్రం ప్రతిదీ నట్ నుంచే కొలవండి. గీత నుంచి గీతకు కొలుచుకుంటూ వెళితే అరమిల్లీమీటరు చొప్పున పేరుకుని పన్నెండో గీత దగ్గరికి వచ్చేసరికి శ్రుతి తప్పుతుంది.

చేత్తో గీయడం ఇష్టం లేకపోతే ఫ్లెక్సీ, స్టిక్కర్లు వేసే షాపులో వినైల్ మీద అసలు సైజులో ప్రింటు తీయించండి. జిరాక్స్ షాపులో ఏ4 కాగితాల మీద తీసి అతికిస్తే ‘ఫిట్ టు పేజ్’ పెట్టేసి నాలుగైదు శాతం కుదించేస్తారు. ప్రింటు చేతికి రాగానే నట్ నుంచి 12వ గీత 285 ఉందో లేదో కొలిచాకే డబ్బులివ్వండి.

బ్రిడ్జ్‌ను వెంటనే బిగించేయకండి. దాని స్క్రూ రంధ్రాలను కోలగా సాగదీసి, రెండు చివరి తీగలు మాత్రమే ఎక్కించండి. 12వ గీత మీద తీగను వేలితో తాకీ తాకనట్టు తాకి మీటితే వచ్చే స్వరం, అదే గీత మీద కడ్డీ పెట్టి మీటితే వచ్చే స్వరం ఒకటి కావాలి. కడ్డీ స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జ్ నట్‌కు దగ్గరైంది, వెనక్కి జరపండి. తక్కువైతే ముందుకు. రెండు తీగలకూ కుదిరాక బిగించండి. ఇక్కడ తీగ కిందికి నొక్కుకుపోదు గనుక మామూలు గిటారులా తీగకో సర్దుబాటు అక్కర్లేదు.

పికప్, వైరింగ్

మొదటి గిటారుకు పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగచుట్ట) కొనండి. సొంతంగా చుట్టాలన్న సరదా ఉంటే అది తర్వాత: 0.06 మి.మీ. ఎనామిల్ రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి, వెంట్రుకంత సన్నం, ఊపిరి గట్టిగా వదిలినా తెగేలా ఉంటుంది. సింగిల్ కాయిల్ పికప్ మధ్యభాగం బ్రిడ్జ్ నుంచి 45 మి.మీ. దూరంలో పెట్టండి. ఇంకా దగ్గరైతే స్వరం కీచుగా, దూరమైతే బొద్దుగా ఉంటుంది. తీగకూ పికప్‌కూ మధ్య 3 మి.మీ. వదలండి. అంతకంటే పైకి లేపితే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది.

పాట్ అంటే శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింది భాగం. దాని గుంటను వెనకవైపు నుంచి తొలవండి. పైన 5 మి.మీ. చెక్కే మిగలాలి, లేకపోతే పాట్ మర బయటికి రాదు, వాషరు పట్టదు. సింగిల్ కాయిల్‌కు 250కె లాగ్ పాట్ వాడండి. పాట్ మూడు కాళ్లలో ఒక చివరి కాలుకు పికప్ సిగ్నల్ తీగ, మధ్య కాలు నుంచి జాక్ (యాంప్లిఫయరు వైరు దూర్చేచోటు) కొనకు, రెండో చివరి కాలు పాట్ వెనక రేకుకు టంకం వేయండి. పికప్ రెండో తీగ, జాక్ రెండో కాలు కూడా ఆ రేకుకే చేరాలి. నాబ్ పెంచే వైపు తిప్పితే శబ్దం తగ్గుతుంటే చివరి కాళ్లు రెండూ తారుమారు చేయండి.

ఇక అందరూ మర్చిపోయే తీగ: పాట్ రేకు నుంచి బ్రిడ్జ్ కిందికి ఒకటి. అది లేకపోతే ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, సెల్ చార్జరు అన్నీ కలిసి ‘గుమ్‌’మంటాయి. నట్, బ్రిడ్జ్, తీగలు, కడ్డీ, మీ చేయి అన్నీ ఆ ఎర్త్‌కే కలుస్తాయి కాబట్టి యాంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గుకు నిజంగా ఎర్త్ ఉన్న సాకెట్టే వాడండి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గుతో ఈ వాద్యం ముట్టుకోవద్దు.

తీగలు, కడ్డీ

అకూస్టిక్ గిటారు కంచు తీగలు వేస్తే లావు తీగలు నీరసంగా వినిపిస్తాయి, చుట్టిన కంచు పికప్ అయస్కాంతానికి అందదు. 0.013–0.056 నికెల్ ఎలక్ట్రిక్ సెట్ తీసుకుని లావు నుంచి సన్నానికి ఇ, బి, ఇ, జి షార్ప్, బి, ఇ అని శ్రుతి చేయండి. కడ్డీని ఏటవాలు లేకుండా తిన్నగా అడ్డంగా ఎక్కడ పెట్టినా మేజర్ కార్డే పలుకుతుంది. హవాయి పాటల్లోలా మెత్తగా కావాలంటే సి6 శ్రుతి: సి, ఇ, జి, ఎ, సి, ఇ. దానికి విడి తీగలు 0.036, 0.030, 0.024 చుట్టినవి, 0.022, 0.018, 0.015 సాదావి. తీగల లావులు మారితే గాళ్ల లోతులూ మారతాయి. రెండు శ్రుతులూ కావాలనుకుంటే రెండో నట్ ఒకటి, రెండో బ్రిడ్జ్ ఒకటి విడిగా చేసి ఉంచుకోండి.

కడ్డీకి లేత్ షాపులో ముప్పావు అంగుళం స్టెయిన్‌లెస్ రాడ్డు 75 మి.మీ. కోయించి, అంచులు గుండ్రంగా తిప్పించండి. సుమారు 170 గ్రాములు వస్తుంది. తర్వాత 400, 800, 1200, 2000 ఎమరీ వరసగా, చివర బ్రాసో. గోరు గీస్తే గీత తగలకూడదు. తగిలిందంటే వాయించేటప్పుడు గరగర వినిపిస్తుంది. గొట్టం ముక్కలు, పానా సాకెట్లు ఈ పనికి తేలిక, లావు తీగ మీద అదురుతాయి.

తోటివాళ్లకు పంపేటప్పుడు

పాలిష్ పెట్టిన ఫొటో చూసి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. పక్కన స్కేలు పెట్టి బిరడల తల, బ్రిడ్జ్, వెనక గుంట మూడూ విడిగా ఫొటో తీయండి. స్కేలు పొడవు, తీగల లావులు, శ్రుతి, మల్టీమీటరులో పికప్ చూపే కిలో ఓములు రాయండి. సింగిల్ కాయిల్ అయితే మామూలుగా ఆరు చుట్టుపక్కల ఉంటుంది. శబ్దం రికార్డు చేస్తే ఎకో, రివర్బ్ ఆపేసి ఒక్కో తీగా విడిగా, తర్వాత అన్నీ కలిపి వినిపించండి. గిరగిర ఏ తీగదో అవతలివాళ్లు చెప్పగలగాలి. బొమ్మ పంపితే దాని మీద ఒక మూలన సరిగ్గా 100 మి.మీ. గీత గీసి పంపండి, వాళ్ల ప్రింటరు కుదించిందో లేదో ఆ గీతే చెబుతుంది.