పిల్లల తల్లి గుర్రాన్ని సవారీకి కొనేముందు

మా గుర్రం చంద్రిని ఇంటికి తెచ్చిన కొత్తలో దాని పొట్ట నిండుగా అవుతుంటే అంతా నా ఉలవల మహిమే అనుకున్నాను. ధర్మసాగర్‌లో మా చెలక పక్క రైతు ఒకరోజు గట్టు మీద నిలబడి చూసి, "సార్, ఇది బలుపు గాదు, సూడిది" అన్నాడు. బర్రెల్ని సాకిన కన్ను మరి. డిసెంబరులో కొన్న గుర్రం జూలైలో, బోనాల నెలలో, ఈనింది. సవారీ కోసం కొన్నదాని మీద ఎవరైనా ఎక్కేసరికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. హన్మకొండ బడిలో పీఈటీని నేను. పిల్లల నడక చూసి ఎక్కడ బెణికిందో చెప్పగలను గానీ, గుర్రం కడుపు సంగతి అప్పటికి నాకు తెలియదు.

మార్వారీ, కాఠియావాడీ గుర్రాల్ని పెంచేవాళ్ళు ఒకటి రెండు ఈతలు చూసి, పిల్లలకు ఎత్తు రాకపోయినా, చూలు సరిగా నిలవకపోయినా తల్లిని అమ్మేస్తారు. అప్పటికి దానికి ఆరేడేళ్ళు ఉంటాయి. మనవైపు వాళ్ళకు దగ్గరి సంత నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతర. ఇలాంటి గుర్రంలో లాభమూ ఉంది. బరాత్ గుర్రాలకు వాడే ముళ్ళ కళ్లెం దీని నోట్లో పడి ఉండదు కాబట్టి నోరు పాడవదు. మనిషి చేతికి అలవాటై ఉంటుంది. అయితే అక్కడే నేను మోసపోయాను. చంద్రి ఎంత నెమ్మదిగా నిలబడిందంటే, నేర్చిన గుర్రమే అనుకున్నాను. దాన్ని అప్పటిదాకా ఎవరూ ఏ పనీ అడగలేదు, అందుకే అంత నెమ్మది. మొదటిసారి జీను పట్టీ బిగించిన రోజు చూడాలి దాని శాంతం!

వయసు దగ్గర మొదలుపెట్టండి. ముందు పళ్ళలో మధ్య జత రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ తర్వాత కింది పళ్ళ మీది గుంటలు చూడాలి. అవి మధ్య జతలో ఆరేళ్ళకు, పక్క జతలో ఏడుకు, చివరి జతలో ఎనిమిదికి అటూఇటుగా అరుగుతాయి. పై చివరి పన్ను మీద నిలువుగా గాడి మొదలైతే పదేళ్ళు వచ్చినట్టే. ఇప్పుడు ఈతలు అడిగి లెక్క కట్టండి. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. "ఐదేళ్ళది, మూడు ఈతలు" అన్నాడంటే వయసైనా అబద్ధం, లేదా రెండేళ్ళ పసిదాన్నే మగగుర్రంతో దాటించారు. రెండోదైతే దాని నడుం, కాళ్ళు ఇంకో రెండుసార్లు చూడండి.

ఇక కడుపు. అమ్మిన దళారి నాతో అన్నమాట ఇది: "పిల్లను మొన్ననే విడదీసినం సార్, ఇంకా పాలున్నయి చూడండి, కడుపెట్ల ఉంటది?" సబబుగానే అనిపించింది. కానీ గుర్రం ఈనిన వారం పది రోజులకే మళ్ళీ ఎదకు వస్తుంది. పెంచేవాళ్ళు చాలామంది అప్పుడో, ఆ తర్వాతి ఎదకో దాటిస్తారు. అంటే పక్కన ఒక పిల్ల, కడుపులో ఇంకోటి. పాలుంటే కడుపు ఖాళీ అని ఏ లెక్కా లేదు. పశువుల డాక్టరుతో స్కానింగ్ చేయించకుండా బయానా కూడా ఇవ్వకండి. చేయి పెట్టి చూసినా తెలుస్తుంది, స్కానింగ్‌లో ఇంకా ముందే తెలుస్తుంది. వరంగల్ పక్క మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. సంతకు రావడానికి ఒప్పుకునే డాక్టరు ఎవరైనా ఉన్నారేమో ముందే అక్కడ అడిగి ఉంచుకోండి. సూడిదని తేలితే కొనొద్దని కాదు. నెమ్మది నడక సవారీ ఆరేడు నెలలదాకా చాలా గుర్రాలు తట్టుకుంటాయి. కాకపోతే అప్పుడు మీరు కొంటున్నది సవారీ గుర్రాన్ని ఒక్కదాన్నే కాదు, మిగిలిన చూలు నెలల్నీ, ఆపైన పిల్లకు పాలిచ్చే ఐదారు నెలల్నీ కూడా.

పొదుగు సంగతి వేరు. పిల్లను విడదీసిన వారంలోనే కొన్నారనుకోండి, పొదుగు బిగిసి ఉంటుంది. ఊళ్ళో అందరూ పిండెయ్యమంటారు. బర్రెకైతే సరే. గుర్రానికి పిండితే ఇంకా పాలు దిగుతాయి, ఎండవు. పది రోజులు ఉలవలు, దాణా తగ్గించి ఉత్త గడ్డి వేసి, రోజూ నడిపించండి. ఒక పక్కే వేడెక్కి రాయిలా అయితే మాత్రం డాక్టరుకు ఫోన్ చేయాలి. పిల్ల కోసం రాత్రుళ్ళు అరవడం కూడా మామూలే. మా చంద్రి నాలుగు రాత్రులు అరిచింది, ఐదో రోజు పక్క రైతు బర్రెదూడతో దోస్తీ కట్టింది.

పొట్ట కింద వాపు కనిపిస్తే నెలలు నిండుతున్నాయేమో అనుకుంటాం. జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బులో కూడా కాళ్ళకు, పొట్ట కింద వాపు వస్తుంది. జ్వరం వచ్చి పోతుంటుంది, తిన్నా గుర్రం చిక్కిపోతుంది. రక్తం పరీక్షలో తేలుతుంది, మందు ఉంది. గ్లాండర్స్ అనే జబ్బు అట్లా కాదు. అది మనిషికీ అంటుకుంటుంది, తేలితే 2009 పశువుల అంటువ్యాధుల చట్టం కింద గుర్రాన్ని చంపాల్సిందే. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. ఫలితం చూడకుండా డబ్బు మొత్తం కట్టకండి. అమ్మేవాడు "ఈ టెన్షన్ ఎందుకు సార్" అంటే ఇంకో గుర్రం చూసుకోండి.

సంతలో అమ్మేవాళ్ళు గంటసేపు వెంట్రుకల సుడుల గురించి చెబుతారు, ఇది శుభం, ఇది అశుభం అని. ఆ గంటను డెక్కల మీద పెట్టండి. నాలుగు కాళ్ళూ మీరే ఎత్తి చూడండి. పిల్లల తల్లికి నెలల తరబడి డెక్కలు చెక్కించరు, అంచులు చీలిపోయి ఉంటాయి. తర్వాత దాన్ని మిగతా గుర్రాలు కనబడనంత దూరం ఒంటరిగా నడిపించి పావుగంట కట్టేయండి. మందలో బతికింది కదా, తల్లడిల్లి చెమటలు పట్టిందంటే మీ ఇంట్లో ఒంటరిగా ఉండలేదని గుర్తు. సవారీ నేర్చిందే అంటే ముందు వాళ్ళ మనిషినే ఎక్కమనండి. వాళ్ళు వెనకాడారంటే సంగతి మీకే తెలిసిపోతుంది.

బరువు లెక్క చాలామంది వేయరు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరిదాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. చంద్రికి ఛాతీ 165, పొడవు 150, అంటే 344 కిలోలు. ఎక్కే మనిషి బరువు జీనుతో సహా అందులో ఐదోవంతు దాటకూడదంటారు, అంటే సుమారు 69. నేనొక్కణ్నే 74. అందుకే మొదట ఎక్కింది నేను కాదు, 46 కిలోల మా అమ్మాయి.

తెచ్చేటప్పుడు డీసీఎం వ్యానులో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరవండి. ఎక్కించడానికి ఏదైనా గట్టుకు బండిని ఆనించి నిలిపితే చాలు, కొట్టే పని ఉండదు. మేము నిజామాబాద్, కరీంనగర్ మీదుగా రాత్రి ప్రయాణమే చేశాం.

ఇంటికొచ్చాక తొందర పనికిరాదు. ఈనిన గుర్రానికి పొట్ట కండ సాగి, వీపు దిగి ఉంటుంది. చంద్రి పిల్లను విడదీశాక కూడా మేము ఆరు వారాలు ఎవరమూ ఎక్కలేదు. వెనక నుంచి పొడవాటి పగ్గాలు పట్టుకుని చెరువు కట్ట ఎక్కించి దించడం, అంతే. ఎత్తు ఎక్కితేనే పొట్ట, నడుం బిగుస్తాయి. ఎండాకాలం పొద్దున ఆరున్నరకల్లా పని ముగించాలి. గోడ మీది క్యాలెండర్లో ఎద రోజులు రాసిపెట్టుకోండి. ఇరవై ఒక్క రోజులకోసారి ఐదారు రోజులు చంద్రి మాట వినదు, చెవులు వెనక్కి పెడుతుంది. ఆ రోజుల్లో కొత్త పాఠం పెట్టను. ఇంకోటి, ఖరీదైన జీను ముందే కొనకండి. వీపు నిండేకొద్దీ ఆకారం మారుతుంది. మూడు నెలలకే మా మొదటి జీను దానికి ఇరుకై భుజం దగ్గర వెంట్రుకలు రాలాయి. ఆ జీను ఇప్పుడు మా పశువుల కొట్టంలో వేలాడుతోంది, కోళ్ళు దాని మీదెక్కి కూర్చుంటాయి.