స్పీచ్ ముందు నోటితో, తర్వాత కాగితం మీద

రాసుకున్న స్పీచ్‌ని బట్టీ పట్టి మైకు ముందు నిలబడితే, మధ్యలో ఒక్క మాట జారిపోగానే తర్వాతదంతా గుర్తురాదు, పైగా అప్పటిదాకా చెప్పింది కూడా పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. దానికి బదులు ముందు నోటితో చెప్పి, తర్వాత రాసుకునే పద్ధతి నాకు బాగా పనిచేసింది, మీరూ చూడండి.

కాగితం ముట్టుకోకుండా ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఎదురుగా బాగా తెలిసిన మనిషి కూర్చున్నారనుకుని విషయమంతా 3 నిమిషాలు చెప్పేయండి. తడబడినా ఆపొద్దు. తర్వాత విని, సహజంగా వచ్చిన వాక్యాలను అవే మాటల్లో రాసుకోండి, పుస్తక భాషలోకి మాత్రం మార్చకండి, మీ గొంతు ఉండేది అక్కడే.

5 నిమిషాల ప్రసంగానికి 3 పాయింట్లు చాలు. చిన్న కార్డు మీద పాయింటుకి రెండు మూడు మాటలు, పెద్ద అక్షరాల్లో. కంఠతా రావాల్సింది మొదటి 2 వాక్యాలు, చివరి వాక్యం, అంతే. చాలామందికి టెన్షన్ ఎక్కువగా ఉండేది మొదట్లోనే, ఆ మొదటి రెండు వాక్యాలూ తడుముకోకుండా వస్తే మిగతాది దానంతటదే నడుస్తుంది. ఇక నిలబడి, పైకి వినిపించేలా 4 సార్లు చెప్పుకోండి. మనసులో చదువుకుంటే లాభం లేదు. ప్రతిసారీ మాటలు కాస్త మారతాయి, మారనివ్వండి.

అంకెలు, పేర్లు, ఇంకొకరి మాటలు ఉన్నదున్నట్టు చెప్పాల్సిన చోట, అధికారిక ప్రకటనల్లో ఇది పనికిరాదు. వాటిని కాగితం చూసే చదవండి, అందులో తప్పేం లేదు.