సెకండ్ హ్యాండ్ బండి బేరం – మూడో పాఠం: ఆ రేటు ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో పాఠంలో ఇంజన్ చప్పుడు, టైర్లు, ఛాసిస్ నంబరు ఎలా చూడాలో నేర్చుకున్నాం. బండి నచ్చిందనుకుందాం. ఇక డబ్బు మాట.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. అమ్మే మనిషి డెబ్బై ఐదు వేలంటే వీళ్లు నలభై అంటారు. ఆయనకు కోపం వస్తుంది, బేరం అక్కడితో చెడిపోతుంది. రేటు ఎక్కువ చెప్పిన ప్రతివాడూ మోసగాడు కాదు. ఆయన తన జేబులోంచి పోయిన డబ్బంతా లెక్కేసుకుంటాడు. షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, సీటు కవరు, క్రాష్ గార్డు, మొన్న చేయించిన సర్వీసింగు, అన్నీ కలిపి అందులోంచి కొంచెం తగ్గిస్తాడు. మనం మాత్రం ఈ రోజు ఆ బండికి ఎంత విలువుందో చూడాలి. ఈ రెండు లెక్కల మధ్య తేడాను మర్యాదగా ఆయన ముందు పెట్టడమే బేరం.

లెక్క ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్లండి. మూడేళ్లు దాటి, నాలుగేళ్లు నిండని 125 సీసీ బండిని తీసుకుందాం. అప్పట్లో షోరూమ్ ధర 90,000. ఆయన అడుగుతున్నది 75,000.

ముందు అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతో కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కంపెనీ తన ధర మార్చకపోతే అప్పటి 90,000 బండి ఇప్పుడు సుమారు 83,000కే వస్తుంది. పాత బిల్లు చూపించి రేటు చెప్పేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. మీరు గుర్తు చేయాలి.

తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల తరుగు పట్టిక. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య వయసున్న బండికి కొత్త ధరలో 40 శాతం తీసేస్తారు. 83,000లో అది పోతే 49,800. బండి సరిగ్గా ఆ ధరకే దొరుకుతుందని కాదు. బాగా అమ్ముడయ్యే మోడల్ అంతకంటే ఎక్కువే పలుకుతుంది. కానీ మీ కాళ్ల కింద గట్టి నేల ఉంటుంది. మీ ఊళ్లో అలాంటి మంచి బళ్లు 62,000 దాకా పోతున్నాయనుకోండి. దీనికి రెండు టైర్లు, చైన్ సెట్ మార్చాలని, 6,500 అవుతుందని మెకానిక్ చెప్పాడు. అంటే మీ హద్దు 55,500. ఆ అంకె చీటీ మీద రాసుకోండి, ఆయనకు మాత్రం చెప్పకండి. 51,000 దగ్గర మొదలుపెట్టండి.

మాట ఇలా సాగాలి: “అన్నా, బండి బాగా చూసుకున్నారు, అది కనిపిస్తోంది. టైర్లు మాత్రం అయిపోయాయి, చైన్ వదులైంది. మెకానిక్ ఆరున్నర వేలన్నాడు. కొత్తదే ఇప్పుడు ఎనభై మూడుకి వస్తోంది కదా. నేను యాభై ఒకటి ఇవ్వగలను.” ఇంతే. చెప్పాక ఆగండి. ఆయన ఆలోచించుకునే లోపే మీరే “సరే, యాభై మూడు” అన్నారంటే మీ మీద మీరే బేరమాడుకున్నట్టు.

బండిని తిట్టి ధర తగ్గించాలని చూడొద్దు. అది ఆయన పిల్లల్ని స్కూల్‌కి తీసుకెళ్లిన బండి కావచ్చు. లోపం చూపించండి, ఖర్చు చెప్పండి, చాలు.

“ఇన్సూరెన్స్ ఉందండీ” అంటే కాగితం అడిగి చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది. మూడేళ్ల బండికి చాలాసార్లు మిగిలేది అదొక్కటే. సొంత బండికి దెబ్బ తగిలితే అందులోంచి రూపాయి రాదు.

లైఫ్ ట్యాక్స్‌ను ధరలో కలుపుకునే విషయంలో ఆయన మాటలో న్యాయం ఉంది. అదే రాష్ట్రంలో బండి చేతులు మారితే మీరు మళ్లీ కట్టక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో ఉండే మీరు ఏపీ నంబరు బండి కొని ఇక్కడే తిప్పుకోవాలంటే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే, అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని తెలంగాణ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం బేరానికి ముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని మీ హద్దులోంచి తీసేయండి.

ఫోన్‌లో “లాస్ట్ ఎంత?” అని అడగొద్దు. బండి చూడని మనిషికి ఎవరూ అసలు ధర చెప్పరు. ఆర్‌సీ చూడకుండా టోకెన్ అడ్వాన్స్ అసలే పంపొద్దు. “ఇంకొకరు వస్తున్నారు, వెంటనే వెయ్యి కొట్టండి” అని టెన్షన్ పెడితే ఆ బండి వదిలేయండి.

ఈ వారం అభ్యాసం: ఒకే మోడల్, ఒకే ఏడాది బళ్ల ప్రకటనలు మూడు ఎంచుకుని, అడిగిన ధరలు రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. ఏది ఇంకా అలాగే ఉందో, దేని ధర తగ్గించారో, ఏది కనిపించడం లేదో గుర్తించండి. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరని ఈ పని చేస్తేనే చేతికి తెలుస్తుంది.

నాలుగో పాఠంలో బండిని మీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాలు, ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే కావాల్సిన 35వ ఫారం, పెండింగ్ చలాన్లు ఎవరు కట్టాలన్న సంగతి చూద్దాం.