అందరికీ తెరిచిన అంగడి – మూడో పాఠం: బొమ్మ వెనక మాట

గత పాఠంలో అక్షరాల రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగునీడల తేడా (కాంట్రాస్టు) కనీసం 4.5:1 ఉండేలా సరిచేసుకున్నాం. లేత బూడిద రంగులో ఉన్న ధరలను నల్లగా మార్చడం ఒక పూట పని. ఈసారి చూపు లేనివారి కోసం ఫొటోలను మాటల్లో చెప్పడం. పని ఎక్కువ, కానీ చీరలు అమ్మేవారికి అలవాటైనదే.

మన ఉదాహరణ అయిన ఆన్‌లైన్ చీరల దుకాణాన్నే తీసుకుందాం. చూపు లేని ఒకామె ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వేసుకుని మీ సైటు తెరిచారు. తెర మీద వేలు కుడివైపు జరిపిన కొద్దీ ఒక్కో అంశం వినిపిస్తుంది. చీర ఫొటో దగ్గరికి వచ్చేసరికి వినిపించేది ఇది: "ఐఎంజీ 20240817 డబ్ల్యూఏ 0031, లింకు." ఇంకోసారి జరిపితే 0032. మగ్గం దగ్గర నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను పేరైనా మార్చకుండా ఎక్కించారని ఆమెకు తెలిసిపోయింది. చీర ఎలా ఉందో మాత్రం తెలియలేదు.

ఫొటో ఎక్కించేచోట "ఆల్ట్ టెక్స్ట్" అనే గడి ఒకటి ఉంటుంది. అందరూ దాటేసే గడి అదే. అందులో రాసిన మాటనే స్క్రీన్ రీడర్ చదువుతుంది. "చీర" అని రాస్తే రాయనట్టే. గూగుల్ కోసం "గద్వాల చీరలు, తక్కువ ధర చీరలు, పెళ్లి చీరలు" అని కూరితే అంతకన్నా దండగ, వినేవారికి అది సంతలో మైకు మోత. పాత కొనుగోలుదారు ఒకరు ఫోను చేసి "కొత్తగా ఏమొచ్చాయండీ" అని అడిగితే ఏం చెబుతారు? అది రాయండి:

"చిలకపచ్చ నూలు గద్వాల చీర. మెరూన్ పట్టు అంచు, అంచులో జరీ కోటకొమ్మలు."

రెండో ఫొటోలో కొంగు కనిపిస్తుంటే కొంగు గురించే చెప్పండి, మొదటి వాక్యం మళ్లీ అతికించవద్దు. "చీర బొమ్మ" అని మొదలుపెట్టే పనీ లేదు. బొమ్మ అని స్క్రీన్ రీడరే చెబుతుంది.

చూపు లేనివారికి రంగుతో పనేమిటని నన్ను అడిగినవారున్నారు. మధ్యలో చూపు పోయినవారికి చిలకపచ్చ గుర్తుండదా? పుట్టుకతోనే చూపు లేని ఆమె అయినా ఆ చీర కట్టుకుని వెళ్లేది నలుగురూ చూసే పెళ్లికి. రవిక జత చూసుకోవాలి కదా.

అలంకారం కోసం పెట్టిన మామిడి తోరణానికి వర్ణన అక్కర్లేదు. దాని ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి, అంతేకానీ కోడ్‌లోంచి తీసేయకండి. ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్ దాటిపోతుంది, అసలు లేకపోతే ఫైలు పేరు చదివే ప్రమాదం ఉంది. బండి గుర్తుకు "బండి" అని కాదు, "కొనుగోలు బుట్ట" అని రాయాలి. దసరా తగ్గింపు వివరాలన్నీ బొమ్మలోనే అచ్చువేసి ఉంటే, ఆ వివరాలన్నీ ఆల్ట్‌లోకి రావాలి. బొమ్మ మానేసి మామూలు అక్షరాల్లో పెట్టడం ఇంకా మేలు.

తెలుగులాగా ఇంగ్లీషు కాని సైట్లకు వచ్చే చిక్కు ఒకటుంది. కొనుక్కున్న టెంప్లేట్లలో పేజీ భాష సాధారణంగా ఇంగ్లీషు అని రాసి ఉంటుంది. దాంతో మీరు శ్రద్ధగా రాసిన తెలుగును ఇంగ్లీషు గొంతు చదవబోయి ఖూనీ చేయవచ్చు, లేదా మింగేయవచ్చు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో "లాంగ్" (lang) విలువను "టీఈ" (te)గా మార్చమని సైటు చేసినవారికి చెప్పండి. నిమిషం పని.

అభ్యాసం: ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ వేయండి. ఒకసారి తాకితే చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. ఆపడం ఎలాగో ముందే చూసుకోండి. మొదటిసారి నేను ఆపలేక పక్కింటి పిల్లవాణ్ణి పిలిచాను. ఇక కళ్లు మూసుకుని మీ దుకాణంలో ఒక చీర ఎంచుకుని బుట్టలో వేయండి. ఎక్కడ ఆగిపోయారో రాసిపెట్టుకోండి. చిరునామా ఫారం దగ్గరే అయితే, వచ్చే పాఠం దాని గురించే.