ప్లాస్టిక్ సంచుల మీద మున్సిపల్ కౌన్సిల్‌లో గట్టి తీర్మానం చేయించడం ఎలా?

ముందు కమిటీ. ఏడుగురో తొమ్మిదిమందో చాలు, సరి సంఖ్య మాత్రం వద్దు, ఓటింగ్ సగం సగం అయ్యి పని ఆగిపోతుంది. అందులో ఇద్దరు షాపులవాళ్లు, చెత్త ఎత్తే కార్మికుల్లోంచి ఒకరు ఉండాల్సిందే. ఏ రకం సంచి డ్రైనేజీలో ఇరుక్కుంటుందో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. మినిట్స్‌కి ఒక పుస్తకం, సంతకాల కాగితాలు, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే సామాను. విషయం ఎజెండాలో పెట్టమని రాసిచ్చి రసీదు తీసుకోండి. ఇక్కడిదాకా అందరూ బానే చేస్తారు.

మొత్తం చెడిపోయేది తీర్మానం డ్రాఫ్ట్‌లో, "ప్లాస్టిక్ సంచి" అంటే ఏంటో రాసే ఆ ఒక్క పేరా దగ్గర. దయచేసి ఇక్కడ తొందరపడకండి. చాలామంది ఫలానా మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటివి బంద్ అని రాసేసి ఊరుకుంటారు, కానీ 50 మైక్రాన్లకీ 60కీ తేడా చేత్తో పట్టుకుంటే తెలీదు, కొలిచే పరికరం లేకుండా ఏ షాపు ముందు నిలబడి వాదిస్తారు? పైగా మందం సంచిని వదిలేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలో చూశాం. 2014 చట్టంలో పల్చటివి ఆపి, మందంగా ఉన్నవి మళ్లీ మళ్లీ వాడొచ్చని ఒదిలేశారు, జనం వాటినీ ఒక్కసారి వాడి పడేశారు, చివరికి 2024లో ఇంకో చట్టం చేసి 2026 నుంచి అవీ ఆపాల్సొచ్చింది. అందుకే మందంతో సంబంధం లేకుండా, బిల్లు కౌంటర్ దగ్గర ఇచ్చే ప్రతి ప్లాస్టిక్ సంచీ అని రాయండి.

ఇంకోటి, గుడ్డ సంచిలా కనిపించే నాన్ ఓవెన్ సంచి. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. దగ్గర పెట్టి చూడండి, పడుగూ పేకా ఉండవు, చిన్న చిన్న చుక్కలు నొక్కినట్టు అచ్చు ఉంటుంది. డ్రాఫ్ట్‌లో దాని పేరు రాయకపోతే మర్నాటి నుంచి అన్ని షాపుల్లో అదే వేలాడుతుంది. కంపోస్టబుల్, అంటే కుళ్లి ఎరువైపోతుంది అని రాసున్నవి కూడా అంతే, వాటిలో చాలావరకు పెద్ద కంపోస్ట్ ప్లాంట్ వేడిలోనే కుళ్లుతాయి, కాలవలో కుళ్లవు. మినహాయింపులు పేరుపేరునా రాయండి, పచ్చి మాంసం, చేపలు, ఇలా. "అవసరమైన సందర్భాల్లో" అన్న మాట ఎవరు చేర్చబోయినా కొట్టేయించండి, ఆ ఒక్క మాటలోంచి అన్నీ జారిపోతాయి.

నిషేధమా, చార్జీయా అని మీటింగ్‌లో గొడవ వస్తుంది. చార్జీయే పెట్టాలి, అదీ బిల్లులో వేరే లైనుగా కనబడాలి. ఐర్లండ్ 2002లో కౌంటర్ దగ్గరే సంచికి 15 యూరో సెంట్లు వసూలు చేయడం మొదలెడితే వాడకం 90 శాతం పైనే పడిపోయింది. అదే ఏడాది బంగ్లాదేశ్ పల్చటి సంచుల్ని పూర్తిగా నిషేధించింది, దేశం మొత్తానికి అలా చేసింది వాళ్లే మొదలు, వరదల్లో డ్రెయిన్లు పూడుకుపోయిన అనుభవం వాళ్లది, కారణం ఎంత న్యాయమైనదైనా తనిఖీ సడలేసరికి సంచులు మళ్లీ వచ్చేశాయి.

మీటింగ్‌కి మామూలు ప్లాస్టిక్, నాన్ ఓవెన్, కంపోస్టబుల్, ఈ మూడు రకాల సంచులూ పట్టుకెళ్లి సభ్యుల చేతికివ్వండి, మాట్లాడేది ఐదు నిమిషాలకి మించొద్దు. కమిటీకి జరిమానా వేసే అధికారం అడగొద్దు, ఇరుగుపొరుగుతో తగాదాలు తప్ప ఏమీ రావు, జరిమానా అధికారులే వేయాలి. కమిటీ మూడు నెలలకోసారి రిపోర్టు ఇస్తుందనీ, ఆ తర్వాతి మీటింగ్‌లోనే కౌన్సిల్ దాన్ని చర్చించి తీరాలనీ తీర్మానంలోనే రాయించుకోండి, ఓటింగ్ అయ్యాక అడిగితే ఎవరూ చేర్చరు.