కోడ్ ఎడిటర్‌కు లైట్ థీమ్ కావాలా, డార్క్ థీమ్ కావాలా: ఎంచుకునే పద్ధతి

స్క్రీన్‌షాట్ అందంగా ఉందని ఎడిటర్‌కు ఒక థీమ్ (నేపథ్యం, అక్షరాల రంగుల కూర్పు) పెట్టుకుని, నాలుగు రోజులకే కళ్లు లాగుతున్నాయంటూ మరొకటి వెతికేవారిని తరచూ చూస్తుంటాను. థీమ్‌ను పరీక్షించవలసింది మీ గదిలో, మీ స్క్రీన్‌పై, మీరు రోజూ చదివే కోడ్‌తోనే.

ముందుగా స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించండి. పక్కన తెల్లకాగితం పట్టుకుని చూసినప్పుడు లైట్ థీమ్ నేపథ్యం దానికంటే బాగా ప్రకాశవంతంగా కనిపించకూడదు.

తర్వాత గది వెలుతురును చూడండి. పగటి వెలుతురులో లైట్ థీమే వాడాలి. డార్క్ థీమ్ మసక గదికే. ప్రకాశవంతమైన నేపథ్యం ముందు కంటిపాప చిన్నదై అక్షరాల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. నల్లని నేపథ్యం ముందు అది విప్పారుతుంది కనుక, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు మసకబారే లోపం) ఉన్నవారికి, తెల్లని అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపించవచ్చు. డార్క్ థీమ్‌తో బ్యాటరీ మిగులుతుందన్న వాదన ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ స్క్రీన్‌లకు వర్తిస్తుంది గానీ, వెనుక దీపం వెలుగుతూనే ఉండే మామూలు ఎల్‌సీడీకి అంతగా వర్తించదు.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కంట్రోల్ కె, వెంటనే కంట్రోల్ టి నొక్కితే థీమ్‌ల జాబితా వస్తుంది. ఒక లైట్, ఒక డార్క్, ఈ రెండింటిని మించి ఎంచుకోకండి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. కీవర్డుల (ప్రోగ్రామింగ్ భాషలోని ప్రత్యేక పదాల) రంగులు చూసి మురిసిపోకుండా, ఆ థీమ్‌లో అన్నిటికంటే వెలవెలబోయే రంగును పట్టుకోండి. సాధారణంగా అది కామెంట్లదే, అంటే కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసుకునే వివరణలదే. వెబ్ పేజీల అందుబాటు ప్రమాణాలు మామూలు పరిమాణపు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి) ఉండాలంటాయి, కోడ్‌కూ అదే కొలత వాడండి. తెల్లని నేపథ్యంపై #767676 బూడిదరంగుకు 4.54 వస్తే, కంటికి తేడా తెలియని #777777కు 4.48 మాత్రమే వస్తుంది, అందుకే చూపుతో అంచనా వేయకుండా కాంట్రాస్ట్ లెక్కించే సాధనంలో రెండు రంగుల కోడ్‌లూ వేసి చూడాలి.

అక్కడితో ఆగకండి. ఆ కామెంట్‌ను సెలెక్ట్ చేయండి, అందులోని ఒక పదాన్ని వెతకండి, కర్సర్‌ను ఆ వరుసలో ఉంచండి. ప్రతిసారీ నేపథ్యం మారుతుంది కనుక, మొదట నెగ్గిన రంగు ఇక్కడ ఓడిపోవచ్చు. కామెంట్ ఒక్కటే తేలిపోతే థీమ్‌ను పారేయనక్కరలేదు, సెట్టింగుల్లో ఆ ఒక్క రంగును ముదురుగానో లేతగానో మార్చుకుంటే చాలు. అలాగని అచ్చమైన నలుపుపై అచ్చమైన తెలుపును ఎంచుకోకండి. 21:1 కాంట్రాస్ట్‌తో గంటల తరబడి చదవడం కష్టం.

కోడ్‌లో తీసేసిన, చేర్చిన వరుసలను రంగులతో చూపే డిఫ్ కూడా తెరిచి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ వేరుగా గుర్తించలేనివారికి తీసేసిన వరుస, చేర్చిన వరుస ఒకేలా కనిపించవచ్చు. వారు నీలం, నారింజ జంట ఉన్న థీమ్ తీసుకోవాలి.

ఎంచుకున్న రెండు థీమ్‌లనూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనుసరించి వాటంతటవే మారేలా పెట్టవచ్చు. అయితే ఆ మార్పు గడియారాన్ని బట్టో సూర్యాస్తమయాన్ని బట్టో జరుగుతుంది తప్ప మీ గదిలోని దీపాన్ని బట్టి కాదు. అందుకే నేను చేత్తోనే మారుస్తాను.