ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పట్టికను కింది నుంచి చదవండి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను కొత్తగా చూడబోయేవారు పాయింట్ల పట్టికలో మొదట అట్టడుగు మూడు వరుసలను చూడాలని నా సలహా. మనకు అలవాటైన ఐపీఎల్‌లో చివరి స్థానం వల్ల పోయేది ఆ ఏటి పరువు మాత్రమే. 2023లో అట్టడుగున నిలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్ 2024లో అదే పోటీలో ఫైనల్ ఆడింది. ఇంగ్లండ్‌లో అలా జరగదు. ప్రీమియర్ లీగ్‌లోని 20 క్లబ్బులలో చివరి మూడు స్థానాలలో మిగిలినవి కింది లీగ్‌కు దిగిపోతాయి, అక్కడి నుంచి మూడు క్లబ్బులు పైకి వస్తాయి. దిగడాన్ని రెలిగేషన్ అని, ఎక్కడాన్ని ప్రమోషన్ అని అంటారు.

అంచెల పేర్లు కొంత తికమక పెడతాయి. ప్రీమియర్ లీగ్ కింద రెండో అంచె పేరు చాంపియన్‌షిప్, మూడోది లీగ్ వన్, నాలుగోది లీగ్ టూ. ఈ మూడింటిలోనూ 24 క్లబ్బుల చొప్పున ఉంటాయి కనుక పై నాలుగు అంచెలలో మొత్తం 92 క్లబ్బులు ఆడతాయి. 1888లో 12 క్లబ్బులతో మొదలైన ఫుట్‌బాల్ లీగ్ నుంచి పై అంచె క్లబ్బులు 1992లో విడిపోయి ప్రీమియర్ లీగ్‌గా ఏర్పడ్డాయి; మిగిలిన అంచెలకు 2004లో కొత్త పేర్లు పెట్టడంతో మూడో అంచెకు ‘వన్’ అనే పేరు వచ్చింది. ఐదో అంచె నేషనల్ లీగ్. దాని కింద ప్రాంతీయ లీగ్‌లు ఊళ్ల స్థాయి వరకు విస్తరించి ఉంటాయి. చాంపియన్‌షిప్‌లో మొదటి రెండు క్లబ్బులు నేరుగా పైకి వెళ్తాయి. మూడో బెర్తు ప్లేఆఫ్‌లలో, వెంబ్లీ స్టేడియంలో జరిగే ఫైనల్‌తో తేలుతుంది.

ఈ మెట్లు నిజంగా ఎక్కగలిగినవేనా అన్న సందేహానికి వింబుల్డన్ కథే సమాధానం. దక్షిణ లండన్‌లోని ఆ క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి లభించినప్పుడు, అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు పెట్టుకుని, ఊరి ఉమ్మడి మైదానంలో సెలక్షన్లు జరిపి ఆటగాళ్లను ఎంచుకున్నారు. ఎంతో కింది అంచెలో మొదలైన ఆ జట్టు 2011 నాటికి లీగ్ టూకు చేరింది. 2016-17లో తమ ఊరి నుంచి తరలిపోయిన క్లబ్బుతోనే, ఒకే అంచెలో సమానంగా నిలిచి ఆడింది.

ఇక పట్టిక చదవడం. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. ప్రీమియర్ లీగ్‌లో ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంతగడ్డపై ఒకసారి, వాళ్ల గడ్డపై ఒకసారి, మొత్తం 38 మ్యాచ్‌లు ఆడుతుంది. పాయింట్లు సమానమైతే గోల్ తేడాను, అంటే వేసిన గోల్స్ నుంచి ఇచ్చిన గోల్స్ తీసివేయగా మిగిలిన అంకెను చూస్తారు. ఈ అంకెను కొత్తవారు పట్టించుకోరు గానీ, 2012 మే 13న టైటిల్‌ను నిర్ణయించింది అదే. మాంచెస్టర్ యునైటెడ్ తన చివరి మ్యాచ్‌ను సండర్లాండ్‌లో గెలిచి ముగించింది. మాంచెస్టర్ సిటీ మాత్రం పది మందితో ఆడుతున్న క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 90 నిమిషాలు పూర్తయ్యేసరికి 1-2తో వెనకబడి ఉంది. అదనపు సమయంలో సిటీ ఆటగాళ్లు జెకో ఒకటి, అగ్వేరో ఒకటి గోల్ వేసి జట్టును గెలిపించారు. రెండు క్లబ్బులకూ 89 పాయింట్లే వచ్చినా, గోల్ తేడా సిటీకి 64, యునైటెడ్‌కు 56. అంతకుముందు అక్టోబరులో యునైటెడ్ మైదానంలోనే సిటీ 6-1తో గెలిచింది. ఆ ఒక్క మ్యాచే ఈ లెక్కలో ఇద్దరి మధ్య పది గోల్స్ అంతరం తెచ్చింది. ఆ రోజు ఓడిన రేంజర్స్ కూడా, బోల్టన్ తన మ్యాచ్‌ను డ్రా చేసుకోవడంతో రెలిగేషన్ తప్పించుకుని ఊపిరి పీల్చుకుంది.

పొరుగు క్లబ్బుల మధ్య జరిగే మ్యాచ్‌ను డెర్బీ అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది లివర్‌పూల్ నగరానిది, ఎందుకంటే అది అచ్చంగా దాయాదుల తగాదా. ఇప్పుడు లివర్‌పూల్ ఆడే యాన్‌ఫీల్డ్‌లో 1884 నుంచి ఆడింది ఎవర్టన్. అద్దె విషయంలో మైదానం యజమాని జాన్ హౌల్డింగ్‌తో గొడవ ముదిరి ఎవర్టన్ 1892లో స్టాన్లీ పార్కు అవతలికి మారిపోతే, ఖాళీ అయిన మైదానం కోసం హౌల్డింగ్ పెట్టిన కొత్త క్లబ్బే లివర్‌పూల్. ఆ నగరంలో ఒకే ఇంట్లో ఎరుపు (లివర్‌పూల్) అభిమాని, నీలం (ఎవర్టన్) అభిమాని కలిసి ఉండడం మామూలు సంగతి.

లివర్‌పూల్‌కు మాంచెస్టర్‌తో ఉన్న వైరం వేరు. అది వ్యాపారంలో పుట్టింది. లివర్‌పూల్ రేవు సుంకాల భారం తప్పించుకోవడానికి మాంచెస్టర్ వ్యాపారులు సముద్రం నుంచి తమ ఊరికి ఓడల కాలువ తవ్వించుకున్నారు. అది 1894 జనవరిలో తెరుచుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో లివర్‌పూల్, తర్వాతి కాలంలో మాంచెస్టర్ యునైటెడ్‌గా మారిన న్యూటన్ హీత్ తొలిసారి తలపడ్డాయి. ఆ మ్యాచ్‌లో గెలిచిన లివర్‌పూల్ పై అంచెకు ఎక్కింది, ఓడిన న్యూటన్ హీత్ కింది అంచెకు దిగింది. యునైటెడ్ చిహ్నంలో ఓడ బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఉత్తర లండన్ తగాదాకు మూలం కూడా అంచెలే. వూలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికులు 1886లో పెట్టుకున్న ఆర్సెనల్, 1913లో నది దాటి టాటన్‌హామ్ పొరుగుకు వచ్చింది. 1919లో అప్పటి పై అంచె అయిన మొదటి డివిజన్‌ను 22 జట్లకు పెంచినప్పుడు ఓటింగ్‌లో టాటన్‌హామ్‌ను కాదని ఆర్సెనల్‌ను ఎంచుకున్నారు. అందుకే రెలిగేషన్‌ను, వైరాన్ని వేర్వేరు పాఠాలుగా చదవవద్దంటాను. 2017లో కిందికి దిగి, మరుసటి ఏడాదే మూడో అంచెకు జారిన సండర్లాండ్ 2025లో గానీ తిరిగి రాలేదు. అన్నేళ్లూ న్యూకాసిల్‌తో దాని లీగ్ డెర్బీ జరగనే లేదు.

వైరాన్ని ఆస్వాదించండి గానీ, దానికి ఒక హద్దు ఉందని మరవకండి. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ ఆటగాళ్లతో సహా 23 మంది మరణించారు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలిగొంది. వీటిని ఎగతాళి చేసే పాట ఎక్కడ విన్నా గొంతు కలపవద్దు. హిల్స్‌బరో తర్వాత లివర్‌పూల్, ఎవర్టన్ అభిమానులు ఒక మైదానం నుంచి మరో మైదానం దాకా స్టాన్లీ పార్కు మీదుగా ఎరుపు, నీలం మఫ్లర్లను ముడివేసి పరిచారు.

సంప్రదాయంగా మ్యాచ్‌లు అక్కడి శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలవుతాయి. మనకు అది అక్టోబరు చివరి దాకా రాత్రి 7.30, ఆ తర్వాత మార్చి చివరి దాకా 8.30. ఒక క్లబ్బును ఎంచుకున్నాక పటంలో దాని పొరుగు క్లబ్బు ఏదో వెతికి, వాళ్లిద్దరి రెండు మ్యాచ్‌ల తేదీలు ముందే రాసిపెట్టుకోండి. ఆ పొరుగు క్లబ్బు పట్టికలో ఎక్కడుందో ప్రతి వారం చూడండి. మేలో, సీజన్ చివరి రోజున, పది మ్యాచ్‌లూ ఒకే వేళకు మొదలవుతాయి; ఆ సాయంత్రం తెరపై ఒక మ్యాచ్, చేతిలో మారిపోతున్న పట్టిక పెట్టుకుని కూర్చోండి, ముఖ్యంగా 17, 18 స్థానాల మీద కన్నేసి ఉంచండి.